కొట్టుకూ ఇంటికీ ఒకటే గడప



కార్తీక అమావాస్య దగ్గర పడుతోందంటే కారంపూడిలో కదలిక మొదలవుతుంది. పల్నాటి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: రోజుకో పేరు, పేరుకో కథ. వీరుల ఆయుధాలను ఇక్కడ కొణతాలంటారు. వాటిని పట్టుకుని ఆచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వస్తారు. నాగులేటిలో స్నానాలు, వీరుల గుడిలో పూజలు, రాత్రుళ్లు వీరగాథలు. నలగామరాజు, మలిదేవరాజు సవతి అన్నదమ్ములు. 12వ శతాబ్దం చివర వాళ్ల మధ్య జరిగిన పోరులో చెరో పక్షాన నిలిచి ఈ నేల మీద ప్రాణాలు విడిచిన వాళ్లను, ఎనిమిది వందల ఏళ్లు దాటినా పేరు పెట్టి పిలిచే ఊరు ఇది. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు, నాయకురాలు నాగమ్మ ఇక్కడి పిల్లలకు ఇరుగుపొరుగు వాళ్లంత పరిచయం.

ఆ అయిదు రోజులూ ఊళ్లో కొట్లకు నిద్ర ఉండదు. కొబ్బరికాయలు, కర్పూరం, సాంబ్రాణి, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు ఒకవైపు. దూరం నుంచి వచ్చి చెట్ల కింద పొయ్యి పెట్టుకునే వాళ్లకు బియ్యం, ఉప్పు, చింతపండు, మిరపకాయలు మరోవైపు. మందపోరు నాడు చాపకూడు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడన్న కథకు గుర్తుగా నేటికీ సాగుతున్న పంక్తి భోజనం అది. వీటన్నిటికీ కావలసిన సరుకు ఎవరో ఒకరు కొలిచి ఇవ్వాలి.

ఆ కొలిచి ఇచ్చే చేయి చాలా కొట్లలో ఒక అమ్మది. ఈ ప్రసంగం ఆమె గురించి. ఏ ఒక్కరి జీవిత చరిత్రో కాదిది. 1930ల్లో పుట్టి, చిన్నతనంలోనే కాపురానికి వచ్చి, ఇంటి ముందు గదిలో తక్కెడ పట్టి, పిల్లల్ని పెంచి, ఎనభై తొంభై ఏళ్ల దాకా గల్లాపెట్టె వదలని పల్నాడు తల్లుల తరం గురించి. వీరుల పేర్లను ఇంత శ్రద్ధగా కాపాడుకున్న ఈ సీమ, ఈ తల్లుల బతుకునూ అంతే శ్రద్ధగా చెప్పుకోవాలి. వాళ్లు చేసింది చిన్న పనేమీ కాదు.

ముందు ఆమె వయసు సంగతి. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969లో వచ్చింది. అంతకు చాలా ముందే పుట్టిన పల్లెటూరి ఆడపిల్లకు పుట్టినరోజు కాగితం ఎక్కడిది? ఆమె లెక్కలు సంఘటనలతో సాగుతాయి. కంట్రోలు రోజుల్లో పెళ్లయింది, కొత్త పైసలొచ్చిన ఏడు పెద్దబ్బాయి పుట్టాడు, సాగరు నీళ్లొచ్చిన ఏడు చిన్నమ్మాయి పుట్టింది. ఈ మాటలను చరిత్ర పుస్తకంతో సరిచూస్తే సంవత్సరాలు ఇట్టే తేలతాయి. కంట్రోలు అంటే రెండో ప్రపంచ యుద్ధకాలం. కొత్త పైసలంటే 1957. సాగరు నీళ్లంటే నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967 ఆగస్టు. ఇలాంటి ఇంటి లెక్కకు మరో ఉదాహరణ ఉంది. ఇదే ఉమ్మడి గుంటూరు జిల్లాలో, తెనాలి వైపు గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ వంటలు యూట్యూబులో ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు 107 ఏళ్లని విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆ అంకె ఇంట్లోవాళ్లు చెప్పుకున్న లెక్కే. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, కూలి చేసి బిడ్డల్ని పెంచిన తల్లి ఆమె. వందేళ్ల కష్టం ఎవరికీ పట్టలేదు. చివరి రెండేళ్లలో కెమెరా ముందుకు వచ్చాకే లోకం ఆమె పేరు అడిగింది.

కారంపూడి కొట్టు తల్లి గడప దాటకుండానే మూడు రాష్ట్రాలు చూసింది. పుట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న ఆ ఆంధ్రప్రదేశ్ కూడా రెండయింది. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో ఉన్న ఊరు 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాలోకి వచ్చింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. కవరు మీద చిరునామా మారుతూ వచ్చింది. ఆమె కూర్చున్న పీట మాత్రం అక్కడే ఉంది.

ఆ కొట్టు ఎలా ఉండేది? వీధి వైపు అరుగు, అరుగు మీద తెరిచిపెట్టిన బస్తాలు. ఉప్పు బస్తా బయటే. లోపల చెక్క అరల్లో రేకు డబ్బాలు, గాజు సీసాల్లో బిళ్లలు, వేరుశనగ ఉండలు, జీళ్లు. ఓ మూల కిరసనాయిలు డబ్బా, దాని పక్కన గరాటు. చుట్టలు, బీడీలు, అగ్గిపెట్టెలు చేతికందే చోట. దూలానికి రెండు వేలాడుతుంటాయి: ఒకటి తక్కెడ, మరొకటి ఉయ్యాల. ఒక చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ రెండో చేత్తో పొట్లం మడిచే తల్లిని ఆ రోజుల్లో ఏ పల్లెకు వెళ్లినా చూడొచ్చు. పొయ్యి మీద ఎసరు కాగుతుంటుంది. బేరం వస్తే లేచి రావాలి, అన్నం పొంగితే లోపలికి పరుగెత్తాలి. రాత్రి పది దాటాక తలుపు తడితే తీయాలి, ఎందుకంటే పసిబిడ్డకు కడుపునొప్పి అని వాము కోసం వచ్చిన వాళ్లుంటారు. కొట్టు మూసే వేళంటూ ఆమెకు లేదు.

ఇక కొలతలు. ఈ తల్లుల తెలివి తెలియాలంటే ఇక్కడ కాస్త నిలబడాలి. గింజలకు గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకానికి పలం, శేరు, వీశె, మణుగు. ఎనిమిది పలాలు శేరు, అయిదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. వీశె అంటే 120 తులాలు, అంటే దాదాపు 1,400 గ్రాములు. శేరు దాదాపు 280 గ్రాములు. ఈ లెక్కలన్నీ ఆమెకు నోటికి వచ్చు. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమల్లోకి వచ్చాయి. కొట్టులో గుండ్లు మారిపోయాయి గాని కొనడానికి వచ్చేవాళ్ల నోట మాట మారలేదు. "అత్తా, పలం చింతపండు ఇయ్యి" అంటారు. ఇవతల తక్కెడలో పడేది గ్రాముల గుండు. పలం అంటే 35 గ్రాములు. ఆ వ్యత్యాసం కొనేవాళ్లకు అన్యాయం కాకుండా, తనకు నష్టం రాకుండా సర్దాల్సింది ఆమే. పైగా ఆమెకు చదువు లేదు. 1951 జనగణన ప్రకారం దేశంలోని ఆడవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు.

డబ్బు లెక్క మరీ చిక్కు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలు చేశారు. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు, అణాకు 12 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మార్పిడి పట్టిక ప్రకారం అణాకు ఆరు నయాపైసలు, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. గమనించండి: అణా సరుకు విడివిడిగా నాలుగుసార్లు కొంటే 24 పైసలు, ఒకేసారి కొంటే 25. పాత నాణాలు, కొత్త నాణాలు కొన్నేళ్లపాటు కలిసి చెల్లాయి. పావలా పట్టుకొచ్చి అణా సరుకు కొన్న పిల్లాడికి కొన్ని కొత్త పైసలూ కొన్ని పాత కానులూ కలిపి చిల్లర ఇవ్వాల్సిన ఆ కాలంలో, బడి ముఖం చూడని తల్లి వేళ్ల కణుపుల మీద లెక్క కట్టి ఇచ్చేది. దాన్ని గణితం అనకపోతే ఇంకేమనాలి?

అప్పు బేరం సంగతి చెప్పకపోతే కొట్టు కథ సగమే అవుతుంది. పల్నాడులో డబ్బు ఏడాది పొడుగునా ఉండదు, పంటతో వస్తుంది. సాగరు కాలువకు ముందు జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం వంటి మెట్ట పంటలు, వానదేవుడి దయ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీరు పారిన చోటల్లా వరి, పత్తి, మిరప వచ్చాయి. అయినా కొట్టు అప్పు మాత్రం పంట చేతికొచ్చే దాకా ఆగాల్సిందే. పత్తి తీతలు మొదలైతే కొంత, సంక్రాంతి దాటి మిరప కోతలు సాగుతుంటే కొంత వసూలవుతుంది. కూలికి వెళ్లిన ఆడవాళ్లు గింజలో మిరపకాయలో ఒడిలో పోసుకుని వచ్చి, వాటికి బదులు బెల్లం, నూనె తీసుకుపోయేవాళ్లు.

ఎవరికి ఎంతదాకా అరువు ఇవ్వాలి? ప్రామిసరీ నోటు ఉండదు, సాక్షి సంతకం ఉండదు. ఆమె చూసేవి వేరు. ఆ ఇంట్లో కూలికి వెళ్లే చేతులెన్ని, తినే నోళ్లెన్ని, మగవాడికి తాగుడు ఉందా, కిందటి ఏడు బాకీ ఎప్పుడు తీర్చారు, ఇంట్లో బాలింత ఉందా. బాలింత ఉంటే పాత బాకీ అడగకుండా శొంఠి, బెల్లం ఇచ్చి పంపాలి. అది దయ మాత్రమే అనుకోకూడదు. ఆ కుటుంబం ఊళ్లో నిలబడితేనే బాకీ నిలబడుతుందని ఆమెకు తెలుసు. బ్యాంకుల జాతీయీకరణ 1969 జులైలో జరిగింది. పల్లెటూరి పేద ఇంటికి బ్యాంకు అప్పు చేరడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలమంతా వారానికి వారం ఉప్పూ పప్పూ అరువుగా ఇచ్చి పొయ్యిలు ఆరకుండా చూసింది ఈ కొట్లే.

పంట పోయిన ఏడు ఆ భారం ఆమె మీదకే వచ్చేది. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని దెబ్బతీసింది. పురుగుమందుల అప్పులు తీరే దారి లేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందుల కొట్టు అప్పు, వడ్డీ వ్యాపారి అప్పు పత్రికల్లోకి ఎక్కాయి. చనిపోయిన ఇంటి పేరు మీద కిరాణా కొట్టు పద్దులో మిగిలిపోయే బాకీ ఏ లెక్కల్లోనూ కనబడదు. బాకీ గుర్తుగా గోడ మీద పెట్టుకున్న గీతల్ని తుడిచేసుకోవడం తప్ప కొట్టు తల్లికి మరో దారి ఉండదు.

కొట్టుకు ఊరి మంచిచెడ్డల్లో ఎంత స్థానం ఉండేదో అంతకు చాలా ముందే పల్నాడు చూపించింది. 1921లో పుల్లరి పోరాటం నడిచింది. అడవిలో పశువులు మేపుకోవడానికి పన్ను కట్టాలన్న తెల్ల ప్రభుత్వాన్ని ఎదిరించి, అధికారులకు ఎవరూ పని చేయకూడదని, సరుకు అమ్మకూడదని పల్నాడు గ్రామాలు కట్టుబాటు చేసుకున్నాయి. మించాలపాడులో ఆ పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఉప్పు, బియ్యం అమ్మం అని చెప్పడం కూడా పోరాటంలో భాగమైంది. ఈ తల్లుల అత్తల తరం, అమ్మల తరం చూసిన రోజులవి.

తాగుడు గురించి కూడా ముందుగా తెలిసేది కొట్టు తల్లికే. శనివారం కూలి డబ్బులొచ్చి ఆదివారం నాటికి ఇంట్లో బియ్యానికి లేవంటే ఆ డబ్బు సారా కొట్టుకు చేరిందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. నిషేధం నడిచిన కాలంలో పల్లె ఇళ్లకు ఏం మిగిలిందో తెలుసుకోవాలంటే కిరాణా కొట్ల పద్దు పుస్తకాల కంటే మంచి ఆధారం ఉండదు. వాటిని ఎవరూ భద్రపరచకపోవడం నిజంగా బాధాకరం.

ఇంత చేసినా ఆమె పనికి సర్కారు లెక్కల్లో చోటు దొరకడం కష్టమైంది. జనగణనకు వచ్చిన ఉద్యోగి "ఈమె ఏం పని చేస్తుంది?" అని అడిగితే అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి "ఇంటి పని" అనేవాడు. అదే కాగితం మీదకు ఎక్కేది. 1991 జనగణనలో, పొలంలో గాని కుటుంబ వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసే పనిని కూడా పనిగానే రాయాలని ప్రశ్నలోనే చేర్చారు. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడ్డాయి. సాహిత్యంలోనూ అంతే. గురజాడ కన్యాశుల్కంలో సొంతంగా భోజనశాల నడిపే వితంతువు ఉంది. నాటకమంతా ఆమెను పూటకూళ్లమ్మ అనే పిలుస్తారు. కారంపూడి వైపు కూడా "శెట్టెమ్మ కొట్టు", "అవ్వ కొట్టు" అంటారే తప్ప బోర్డు మీద ఆమె పేరు ఉండదు. ఆ బోర్డు మీద ఉండేది దేవుడి పేరో, మామగారి పేరో.

భర్త పోయాక కొట్టు ఎవరిది? 1937 నాటి చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు ఇచ్చింది. బతికినన్నాళ్లు అనుభవించవచ్చు, ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి వీల్లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. 1985లో ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు తెచ్చింది. చట్టం ఇచ్చినదాన్ని అన్నదమ్ముల మధ్య, మరుదుల మధ్య నిలబెట్టుకోవడం మరో పోరాటం. తాళం చెవి నడుముకు కట్టుకుని మర్నాడే కొట్టు తెరిచిన తల్లులు ఆ పోరాటంలో గెలిచారు. పెదకర్మ కూడా కాకముందే కొట్టు తీసిందని ఊరు నొచ్చుకుని ఉండొచ్చు. పిల్లల బడి ఫీజు మాత్రం ఆగలేదు.

కాలం ఆమె వ్యాపారాన్ని కూడా వదల్లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేద ఇంటికి అది వరం. కిరాణా కొట్టులో బియ్యం బేరం అక్కడి నుంచి పలచబడింది. అదే దశకంలో షాంపూ మొదలుకుని చాలా సరుకులు చిన్న ప్యాకెట్లలో వచ్చాయి. పాత పేపరు చింపి, శంఖంలా చుట్టి, పురికొసతో కట్టే పొట్లం పనితనం కరిగిపోయింది. ఆమె బియ్యం బస్తాలు తగ్గించి, తీగకు ప్యాకెట్ల దండలు వేలాడదీసింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, ఆ తర్వాత పొదుపు సంఘాలు ఈ మార్పుకు ఆసరా అయ్యాయి. సంఘం అప్పుతో కొట్టులో సరుకు వేసుకున్న ఆడవాళ్లకు మొదటిసారి తమ పేరున బ్యాంకు పుస్తకం వచ్చింది.

2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణాలన్నీ చెల్లకుండా పోయాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, పాత చీర మడతల్లో ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచుకున్న డబ్బు పల్లె తల్లులు బయటపెట్టాల్సి వచ్చింది. మనవరాలి పెళ్లికనో, తన ఆఖరి ఖర్చులకనో దాచిన డబ్బు అది. ఎనభై దాటిన వయసులో బ్యాంకు ముందు వరసలో నిలబడటం వాళ్లకు దక్కాల్సిన మర్యాద కాదు.

ఇప్పుడు కారంపూడిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ కొట్లను కోడళ్లు, కూతుళ్లు నడుపుతున్నారు. సీసాల పక్కన క్యూఆర్ కోడ్ అట్ట, దాని పక్కన చిన్న స్పీకరు. డబ్బు పడగానే ఎన్ని రూపాయలు వచ్చాయో అది పైకి చెబుతుంది. కళ్లు మసకబారిన పెద్దావిడకు కూడా ఆ మాట వినబడుతుంది కాబట్టి కోడలు లోపల వంటలో ఉన్నా ఆమె బేరం చూసుకోగలదు. ఆ కోడ్ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటుంది. పొదుపు సంఘం పుణ్యమా అని చాలా ఇళ్లలో ఆ ఖాతా ఆడవాళ్లది. బోర్డు మీద ఇప్పటికీ మామగారి పేరే ఉన్నా, పది రూపాయల బెల్లం కొన్న మనిషి ఫోనులో కనబడేది కోడలి పేరు.